దేవదానం ముక్కు

కైకలూరు మేత కొట్ల వరసలో దేవదానానిది చిన్న షెడ్డు. అతను కార్లు బాగుచేసేది చేతులతో కాదు, ముక్కుతో అనేవారు. బానెట్ ఎత్తి ఒక్కసారి వాసన చూస్తే చాలు, ఆయిలు మాడుతోందో, పెట్రోలు కారుతోందో చెప్పేసేవాడు. కరోనా వచ్చి, పోతూ పోతూ ఆ ముక్కును పట్టుకుపోయింది. ఆ సంగతి భార్య లిడియాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పక్కనే ఐసు కొట్టు నడిపే నాకూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

మొన్న మంగళవారం రొయ్యల మేత అమ్మే వీరదుర్గ తన పెద్ద కారు తెచ్చింది.

"ఇంజను లైటు వెలుగుతోందండీ. లోపల వాసన కూడా వస్తోంది."

"మేత మోసే బండి కదండీ, వాసన రాకుండా ఉంటుందా?" అని నవ్వాడు.

ఇది మా కొల్లేటివాళ్ళ జబ్బు. వాసన అంటే చేపల నీసే, ఇంకోటి ఉంటుందని తట్టదు. ఆవిడా నిజమే అనుకుంది.

స్కానరు పెడితే, ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి పోతోందని చూపించింది. మూత సరిగ్గా బిగించకపోయినా అదే చూపిస్తుంది. గొట్టాల్లోకి పొగ పంపి చిల్లు పట్టే మిషను ఏలూరులో ఉంది. కారును అక్కడికి పంపితే, నీ ముక్కేమైందని జనం అడుగుతారు. అందుకే మూత బిగించి, లైటు ఆర్పి, కారు ఇచ్చేశాడు.

అన్నం క్యారేజీ తెస్తున్న లిడియాకు ఆ కారు మలుపులో ఎదురైంది.

"ఆ కారులోంచి పెట్రోలు వాసన గుప్పుమందండీ. ఎలా పంపేశారు?" అంది రాగానే.

దేవదానం మొహం పాలిపోయింది. వీరదుర్గకు ఫోను చేస్తే మొదటిసారి ఎత్తలేదు. నేనూ కొట్టు వదిలేసి షెడ్డులోకి వచ్చాను. రెండోసారి ఎత్తింది. స్పీకరులో నాకూ వినబడింది.

"ఇంటికొచ్చేశానండీ. పెదవేగి బయలుదేరుతున్నాం. ఈ నీసు పోవాలని డాష్‌బోర్డు మీద అగరొత్తులు వెలిగిస్తున్నాను."

"వద్దండీ. వెలిగించకండి. అది నీసు కాదు, పెట్రోలు. ముందు దిగిపోండి."

అటువైపు తలుపు తీసిన చప్పుడైంది.

"మీరే చూసి పంపారు కదండీ."

"నాకు వాసన తెలియదండీ. నాలుగేళ్ళయింది."

ఈ మాట పైకి అనగా వినడం నాకదే మొదలు. వీరదుర్గ వెనక తలుపు కూడా తీసినట్టు వినబడింది. అరిచినా బాగుండేది.

"మా పాప వెనక సీట్లో కూర్చుని ఉందండీ" అని, మెల్లగా ఫోను పెట్టేసింది.