మా హైమవతి పెట్టిన నియమం

మా చెల్లెలు హైమవతి దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల పేర్లు చెప్పమంటే ఇప్పటికీ గడగడా చెప్పగలను. ఫణికిరణ్ బెంగుళూరులో గణితం ప్రొఫెసరు. సంయుక్త కలకత్తాలో చదివి అక్కడే పరిశోధన చేస్తోంది. ఒలింపియాడ్ జాతీయ శిబిరానికి మా వరండాలోంచి వెళ్ళినవాళ్ళు అరడజను పైమాటే. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దుటిపూట పేపర్లు చదివే మా బృందంలో ఎవరి ముందైనా ఈ సంగతులు చెప్పడానికి నేను వెనకాడను. "మళ్ళీ మొదలెట్టాడయ్యా వీరరాఘవరావు" అని వాళ్ళు నవ్వుకున్నా సరే.

మేమిద్దరం దివిసీమలో పెంకుల బడిలో చదివినవాళ్ళం. ఒకటే గది, ఒకటే మాస్టారు, అయిదు తరగతులు. ఆ బడి నుంచి వచ్చి నేను సెక్రటేరియట్‌లో గుమాస్తాగా చేరి డిప్యూటీ సెక్రటరీగా రిటైరయ్యాను. నా వెనకే వచ్చిన హైమవతి ఎమ్మెస్సీలో బంగారు పతకం తెచ్చుకుంది. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో చేరి, అక్కడే జుట్టు నెరిసేదాకా పాఠం చెప్పింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరికేదండీ?" అనేది. రిటైరయ్యాక అశోక్‌నగర్‌లో మా ఇంటికే వచ్చేసి, మూడో అంతస్తు వరండాలో నల్లబల్ల పెట్టించుకుంది.

అశోక్‌నగర్ సంగతి తెలిసిందే కదా. కింద వీధి నిండా గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్ళు, స్టడీ హాళ్ళు, జిరాక్సు కొట్లు. నిమిషానికో ప్రశ్న చొప్పున జవాబు గుర్తించడం నేర్పే సెంటర్లు. వాటి పైన మా హైమవతి పిల్లలకు ఒక లెక్క ఇచ్చి నెల రోజులు వదిలేసేది. "ఇంకా రాలేదా? మంచిది. ఉండనీ" అనేది. రాకపోవడం మంచిదేమిటని మా ఆవిడ రత్నమాల వేళాకోళం చేసేది.

"మా ఇంట్లో పప్పు ఉడక్కపోతే కూడా మంచిదే అనుకోవాలా వదినా?"

"ఉడకకపోతే ఎందుకు ఉడకలేదో తెలుస్తుంది, అది మంచిదే" అని హైమవతి.

ఆమెకొక నియమం ఉండేది. కాగితం మీద ఏ మాట రాసినా అది ఆ కాగితం మీదే నిరూపించి ఉండాలి. పిల్లవాడెవరైనా 'ఫలానా సిద్ధాంతం ప్రకారం' అని రాస్తే చాలు, కళ్ళజోడు పైకి జరిపేది. "ఆ సిద్ధాంతం చెప్పినాయన నీకు మేనమామా, అడగ్గానే ఇచ్చేయడానికి?" అనేది. నిన్న నిరూపించాను కదండీ అంటే, "నిన్నటిది నిన్నటి కాగితం. ఇది చదివేవాడికి నిన్ను నమ్మాల్సిన అవసరం రాకూడదు" అనేది. అందరూ మూలుగుతూనే నిరూపించేవాళ్ళు. ఆ మూలుగులోంచే ప్రొఫెసర్లు వచ్చారు.

మహేశ్వరి మా వాచ్‌మన్ ఎంకయ్య కూతురు. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఎంకయ్య మొదట్లో టైల్స్ పని చేసేవాడు. ఒక సైటులో గోడకు కట్టిన సారువ మీంచి పడి నడుం దెబ్బ తిన్నాక ఇక బరువులెత్తలేక మా గేటు దగ్గర చేరాడు. మెట్ల కింద గదిలో కాపురం. పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు హైమవతి దగ్గరికి తీసుకొచ్చాడు.

"అమ్మా, జర దీనికి చెప్పుండ్రి. గైడుల ఉన్నట్టు రాస్తలేదంట. బడిల సారు పరేషాన్ అయితుండు."

హైమవతి పిల్లని కూర్చోబెట్టి, "ఒకటి, మూడు, అయిదు, ఏడు... ఇలా బేసి సంఖ్యలు వరసగా ఎన్ని కూడినా వర్గమే ఎందుకొస్తుంది?" అని అడిగింది. మహేశ్వరి కాసేపు వరండా నేల వైపు చూసింది. తర్వాత వంగి ఒక మూల టైలు మీద వేలు పెట్టింది.

"ఇది ఒకటి. దీని చుట్టు ఇట్ల మూలమలుపుకు మూడు పెడితే చదరమే అయితది. దాని చుట్టు అయిదు. మళ్ళ చదరమే. మా నాయిన గిట్లనే పరుస్తుండె."

"ఎప్పటికీ అంతేనా? వందోసారి కూడానా?"

"ప్రతిసారి రెండే పెరుగుతయి గద మేడమ్, ఈ కొసకొకటి, ఆ కొసకొకటి. ఎప్పటికైనా గంతే."

ఆ పూట హైమవతి అన్నం తినకుండా వంటింటి గుమ్మంలో నిలబడి ఈ సంగతి మాకు రెండుసార్లు చెప్పింది. అన్నేళ్ళలో ఎవరి గురించీ అలా చెప్పగా నేను వినలేదు, ఫణికిరణ్ గురించి కూడా.

అప్పటి నుంచి మహేశ్వరి రోజూ వచ్చేది. మిగతా పిల్లలు, కృష్ణచైతన్య, కీర్తన వగైరా, మంచి స్కూళ్ళ పిల్లలు. సాయంత్రం ఇక్కడ చదివినా ఆదివారం పెద్ద కోచింగ్ సెంటర్లకు కూడా వెళ్ళేవాళ్ళు. మహేశ్వరికి మా వరండా తప్ప మరో చోటు లేదు. హైమవతి చెప్పిందే లెక్క, చెప్పిన తీరే తీరు. నియమానికి మూలగని పిల్ల అదొక్కతే. పైగా ఇష్టంగా చేసేది. కృష్ణచైతన్య ఏడిపించేవాడు.

"నువ్వు రెండూ రెండూ నాలుగని కూడా నిరూపిస్తావా మహేశ్వరీ?"

"నువ్వు నమ్మకుంటె నిరూపిస్త, నీకేంది?"

పదో తరగతికి వచ్చేసరికి ఎంకయ్య మనసులో మాట బయటపెట్టాడు. పది కాగానే నారాయణగూడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో వేస్తాడట. రెండేళ్ళలో ఏదో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఉద్యోగం దొరుకుతుంది. తన నడుం చూస్తే ఇంకెన్నాళ్ళు గేటు దగ్గర నిలబడతాడో తెలియదు. హైమవతి కిందికి దిగి వెళ్ళి వాళ్ళ గదిలో స్టూలు మీద కూర్చుంది. నేనూ వెళ్ళాను.

"ఈ పిల్ల ఇంటర్ ఎంపీసీ చదవాలి ఎంకయ్యా. ఆ తర్వాత గణితమే చదవాలి. దీని పేరు ఒలింపియాడ్ క్యాంపుకు వచ్చిందంటే పెద్ద సంస్థలే పిలిచి సీటిస్తాయి."

ఎంకయ్య భార్య బుగ్గమ్మ బియ్యం ఏరుతూ చెవి ఇటే పెట్టింది.

"అమ్మా, మీ మాట తీసేస్తలేను. క్యాంపుకు పేరొస్తే మీరన్నట్టే. రాకుంటె నేనన్నట్టు. ఇగ మల్ల అడగొద్దు" అన్నాడు ఎంకయ్య.

"వస్తుంది" అంది హైమవతి. అంత గట్టిగా ఆమె ఏ పిల్ల గురించీ చెప్పలేదు.

ఒలింపియాడ్ పరీక్ష బర్కత్‌పురలో ఒక స్కూల్లో పెట్టారు. హైమవతి, నేను, మహేశ్వరి ఆటోలో వెళ్ళాం. దారిలో నా ఎస్సెల్సీ పరీక్ష సంగతి చెబుతూ ధైర్యమిద్దామని చూశాను. ఆ రోజు కాలవ దాటి పడవ మీద వెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నానని చెప్పాను. మహేశ్వరి నవ్వింది. "నాకేం భయం లేదు పెద్దసార్" అంది. నిజంగానే ఆ పిల్లకు భయం లేదు.

పరీక్షయ్యాక గేటు దగ్గర పిల్లలంతా గుమిగూడారు. మహేశ్వరి చివరగా వచ్చింది. వేళ్ళ నిండా సిరా.

"ఎన్ని చేశావే?" అంది హైమవతి.

"చేసినయన్ని కరెక్టే మేడమ్. కని ఆఖరి రెండు రాయనీకి టైం అయిపోయింది. ఆలోచన వచ్చింది, చేతికి టైం దొరకలె." అని, అక్కడే నిలబడి ఆ రెండింటినీ నోటితోనే చెప్పింది. కీర్తన వాళ్ళ నాన్న కూడా ఆగి విన్నాడు. హైమవతి తల ఊపుతూ వింది. రెండూ సరైనవే.

"మరి టైం ఎక్కడ పోయింది?"

"మూడోదాంట్ల టాలెమీ సిద్ధాంతం గావాలె గద. అది మొదాలు సంది నిరూపించిన. నాలుగోదాంట్ల మల్లొకటి. అవే పేజీలు పేజీలు పట్టినయి."

కృష్ణచైతన్య ఎర్రబడ్డ మొహంతో చూశాడు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు.

"అవన్నీ నిరూపించావా? టాలెమీ ప్రకారం అని పేరు రాసేసి ముందుకెళ్ళిపోవాలి కదా. పరీక్షలో అంతే. అందరికీ తెలుసు."

"పేరు రాస్తే సరిపోతదా?" అంది మహేశ్వరి.

ఆ పిల్ల హైమవతి వైపు తిరిగింది. ఆ చూపులో కోపమేమీ లేదు. ఒక లెక్కలో అనుమానం వచ్చినప్పుడు అడిగే చూపే.

"గట్ల రాయొచ్చునా మేడమ్?"

"రాయొచ్చు" అంది మా చెల్లెలు.

మిగతా పిల్లలకు ఈ సంగతి ఆదివారం సెంటర్లలో చెప్పారు. వరండాలో హైమవతి కోసం నిరూపించేవాళ్ళు, పరీక్షలో పేరు రాసి వదిలేసేవాళ్ళు. ఆ సంగతి హైమవతికి తెలుసు, తప్పు కూడా పట్టేది కాదు. ఇన్నేళ్ళుగా పిల్లలందరూ ఎక్కడో ఒకచోట అది నేర్చుకునే వచ్చారు గనుక, ఎవరికైనా విడిగా చెప్పాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. తన దగ్గర తప్ప ఎక్కడా నేర్చుకోని పిల్ల ఒకటి ఉందని తట్టలేదు.

వచ్చేటప్పుడు నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆటో చాలాసేపు ఇరుక్కుపోయింది. మహేశ్వరే ఉండబట్టలేక, "మూడోదానికి ఇంకో తొవ్వ గూడ ఉన్నది మేడమ్, టాలెమీ లేకుంట. ఇంటికి పోయినంక చూపిస్త" అంది.

ఫలితాల్లో కృష్ణచైతన్య పేరుంది, కీర్తన పేరుంది. మహేశ్వరి పేరు లేదు. ఎంకయ్య మూడో అంతస్తుకు మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టుండగా ఎప్పుడూ మెట్లే ఎక్కేవాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"తప్పు పిల్లది కాదు ఎంకయ్యా. నాది. నేను చెప్పాల్సింది చెప్పలేదు" అంది హైమవతి.

"తప్పెవరిదైతేంది అమ్మా. మీరు దానికోసం మస్తు తిప్పలు పడ్డరు. నాకు ఎరుకే. కని మాట అనుకున్నం గద."

నేను ఊరుకోలేకపోయాను. ఫణికిరణ్ గురించి చెప్పాను, సంయుక్త గురించి చెప్పాను, పెంకుల బడిలోంచి మేము ఎక్కడిదాకా వచ్చామో చెప్పాను. ఎంకయ్య చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

"మీరు చెప్పేటియి అన్ని నిజమే పెద్దసార్. ఆ పిల్లల ఎనక అమ్మానాయినలు నిలబడ్డరు. నేను నిలబడలేనని ముందుగాలనే చెప్పిన." నడుం మీద చెయ్యి వేసుకుని, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయాడు.

వేసవి తర్వాత మహేశ్వరి ల్యాబ్ కోర్సులో చేరింది. తెల్లకోటు మడతపెట్టి బ్యాగులో పెట్టుకుని నారాయణగూడ దాకా నడిచి వెళ్ళేది. సాయంత్రం వచ్చి లెక్కలు చేసుకోమని హైమవతి బతిమాలింది. చెల్లెలు ఒకరిని బతిమాలగా చూడటం నాకదే మొదటిసారి. పిల్ల కొన్నాళ్ళు వచ్చింది. ఒకరోజు నల్లబల్ల ముందు నిలబడి, సుద్దముక్క కింద పెట్టి, "ఇగ రాను మేడమ్" అంది.

"ఎందుకే? కోపమా నా మీద?"

"మీ మీద కోపమేంది మేడమ్? ఇక్కడికొస్తే లెక్క ఎనకనే వస్తది. క్లాసుల రక్తం తీసుడు చెప్తుంటె నాకు లెక్కనే కనబడతది. మొన్న సూది ఒకటికి బదులు ఒకటి పట్టుకున్న. మా మేడమ్ తిట్టింది. ఎట్లయినా చెయ్యాల్సింది అదే గద. ఇది పక్కకు పెడితెనే అది వస్తది."

హైమవతి సరేనంది. పిల్ల వెళ్ళాక వరండా దీపం ఆర్పి, తన గదిలోకి వెళ్ళి కూర్చుంది. రత్నమాల భోజనానికి పిలిస్తే, "మీరు తినండి వదినా" అంది.

హైమవతి క్లాసు మానేస్తుందేమో అనుకున్నాను. మానలేదు. ఇప్పుడూ పిల్లలు వస్తున్నారు. అయితే నియమం తీసేసింది. ఎవరైనా సిద్ధాంతం పేరు రాస్తే, "సరే, పేరు రాశావుగా, ముందుకెళ్ళు" అంటోంది. నెల రోజులు ఒక లెక్క ఇవ్వడం లేదు. గడియారం పెట్టి పేపర్లు రాయిస్తోంది. తల్లిదండ్రులకు ఈ పద్ధతే నచ్చింది. పక్క గదిలో కూర్చుని వింటుంటే అది మా హైమవతి గొంతులా ఉండదు నాకు.

ఈ ఏడు మా వరండా నుంచి క్యాంపుకు ముగ్గురు ఎంపికయ్యారు. ఇంతకు ముందెప్పుడూ ఒకే ఏడు ముగ్గురు లేరు. నేనే చిక్కడపల్లి వెళ్ళి మిఠాయి తెచ్చి అపార్ట్‌మెంట్ అంతా పంచాను. గేటు దగ్గర మహేశ్వరి ఎదురైంది, కాలేజీ నుంచి వస్తూ. డబ్బా చాపాను.

"ముగ్గురా? మస్తు సంతోషం పెద్దసార్" అని ఒకటి తీసుకుంది. అక్కడే నిలబడి తినేసి, వేళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళింది.

పైకి వచ్చేసరికి హైమవతి వరండా కటకటాల దగ్గర నిలబడి ఉంది. కిందికే చూస్తోంది.

"ఏమంది అన్నయ్యా?"

"సంతోషమంది."

"ఏ లెక్కలొచ్చాయని అడగలేదా?"

అడగలేదని చెప్పాను.