పంద్రాగస్టున దొరికిన ఆకుల కట్ట

మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి మా తలుపు పిడికి ఒక ఆకుల కట్ట వేలాడుతోంది. పుదీనా, తులసి, రెండు బంతిపూలు, ఎర్ర ఊలుదారంతో ముడి. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. జర్మనీలో మేముండే ఈ బ్యోబ్లింగెన్ ఊరు మొత్తంలో బాల్కనీ తులసికి ఊలుదారం చుట్టే మనిషి మా తోడికోడలు ఒక్కతే. దాన్ని వంటింట్లో తగిలిస్తుంటే, డాన్యూబ్ నది పక్కన మేమిద్దరం సైకిళ్ళు తొక్కుతూ ఎదురుగాలిని తిట్టుకున్న రోజు గుర్తొచ్చింది.

నది వెంట పాసావ్ దాకా సైకిలు మీద వెళ్ళాలన్నది అసలు మా మరిది కోరిక. నలభై దాటిన భార్యకు సైకిలు కొని, వెనక పట్టుకుని పరుగెత్తుతూ తొక్కడం నేర్పాడు. ప్రయాణం కుదరకముందే గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఆమెకు ఆఫీసు, ఇల్లు తప్ప లోకం లేకుండా పోయింది. పూజలకు పిలిస్తే ఏదో ఒక వంక. ఎప్పుడైనా వచ్చినా, కుంకుమ భరిణె తన దాకా రాకముందే వంటింట్లోకి మాయమయ్యేది. చూసి చూసి నా ప్రాణం విసిగింది. ఇంటి కింద సామాన్లు పడేసే కెల్లర్‌లో దుమ్ము పట్టిన సైకిలుకు గాలి కొట్టించి, పోట్లాడి బయల్దేరదీశాను. "రెండ్రోజులే అక్కా. మధ్యలో డెగ్గెన్‌డార్ఫ్‌లో నేను ట్రైనెక్కేస్తాను, ఆపైన నీ ఇష్టం" అంది. ఎలాగైనా పాసావ్ దాకా లాక్కెళ్ళాలని నా పంతం.

రెండో రోజు స్ట్రౌబింగ్ నుంచి పొద్దున్నే కదిలాం. పంజాబీ డ్రెస్సు అంచు చెయిన్‌లో పడకుండా పిన్నీసు పెట్టుకుని, జడ మీద హెల్మెట్ బిగించుకుని, ఆమె పెళ్ళివారి కారు వెనక వెళ్తున్నంత నిదానంగా తొక్కేది. నది గట్టు మీద గులకరాళ్ళ దారి, పక్కన మొక్కజొన్న చేలు, ముఖాన గాలి. తిండి ఏదైనా ఊళ్ళో కొనుక్కోవచ్చని ఏమీ పట్టుకెళ్ళలేదు. తీరా చూస్తే బేకరీ మూత, సూపర్‌మార్కెట్ మూత. మా బ్యోబ్లింగెన్‌లో ఆగస్టు పదిహేను మామూలు పనిదినం. మేం తొక్కుతున్న ఈ బవేరియాలో అది మేరీమాత పండుగ, సెలవు. జెండా పండగని పొద్దున్న వాట్సాప్‌లో అందరికీ శుభాకాంక్షలు పంపిన మాకు, ఇక్కడి పండగ మాత్రం తట్టలేదు!

ఆకలితో చర్చి ముందు బెంచీ మీద కూలబడ్డాం. "ట్రైను ఇక్కడ కూడా ఎక్కొచ్చేమో చూడక్కా" అంది నీరసంగా. అంతలో తలుపులు తెరుచుకుని ఆడవాళ్ళు బయటికొచ్చారు. ప్రతి చేతిలో ఒక ఆకుల కట్ట: నడుమ పొడుగాటి పసుపుపూల కాడ, చుట్టూ పుదీనా, గోధుమ కంకులు. లోపల దీవెన చేయించుకుని ఇళ్ళకు తీసుకెళ్తున్నారట.

"చవితికి పత్రి తెచ్చుకున్నట్టు లేదూ?" అంటూ మా తోడికోడలు లేచి నిలబడింది. చాలా రోజులకు ఆ గొంతులో ఉత్సాహం విన్నాను.

నల్లగౌను వేసుకున్న ఒక ముసలావిడ మా వాలకం చూసి, పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళి, ప్లమ్ కేకు, కాఫీ పెట్టింది. బయల్దేరేటప్పుడు తన కట్టలోంచి సగం తీసి, వేరే కట్టి, మా తోడికోడలికి చాచింది. ఈమె చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నాకొద్దక్కా. పండగపూట నాకిస్తారేంటి? నువ్వు తీసుకో."

నాకు ఏడుపొచ్చింది. భర్త పోయాడని, మాలో కొన్ని పట్టింపులుంటాయని జర్మన్‌లో చెప్పాను. ముసలావిడ విని, చేయి వెనక్కి తీసుకోలేదు. "నా భర్తా పోయాడు, చాలా ఏళ్ళయింది. ఇది ఇంటి కోసం. ఈమె కూడా ఒక ఇంట్లోనే ఉంటోంది కదా?" అంది.

ఆ మాట నేను తెలుగులో చెప్పేదాకా కూడా మా తోడికోడలు ఆగలేదు. జర్మన్ తనకూ వచ్చుగా. రెండు చేతులూ చాచి కట్ట అందుకుని, కళ్ళకద్దుకుని, సైకిలు ముందు బుట్టలో పెట్టుకుంది.

డెగ్గెన్‌డార్ఫ్‌లో స్టేషన్ వైపు బాణం గుర్తు దగ్గర నేను బ్రేకు వేసి నిలబడ్డాను. ఆమె ఆగకుండానే నన్ను దాటిపోయింది. "పాసావ్ ఇంకా ఎంత దూరమక్కా?" అని ముందునుంచి కేక.

ఇప్పుడు ప్రతి ఆగస్టులో ఆమే కట్టలు కట్టి తెలిసినవాళ్ళ ఇళ్ళన్నిటికీ పంచుతుంది. కాలం మనిషిని మెల్లగా మారుస్తుందంటారు. నేను చూసిన కాలం మాత్రం రెండేళ్ళు కెల్లర్‌లో కదలకుండా నిలబడి, ఒక్క మధ్యాహ్నం నన్ను దాటి ముందుకెళ్ళిపోయింది.