నా హస్తవాసి

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని ఆ రోజుల్లో మనిషికి తన మీద తనకు నమ్మకం పూర్తిగా పోవడమో, అక్కర్లేనంత పెరగడమో జరుగుతుంది. నాకు రెండోది జరిగింది. తునిలో మా ఇంట్లో కూర్చుని ఫోన్లో ఎనర్జీ హీలింగ్ క్లాసులు విని, నా అరచేతుల్లోంచి విశ్వశక్తి ప్రవహిస్తోందన్న నిర్ధారణకొచ్చాను (సర్టిఫికెట్ కూడా ఫోన్లోకే వచ్చింది). మొదటి పేషెంటు మా మేనత్త. ఎన్నాళ్లుగానో భుజం నొప్పి. కళ్లు మూసుకోమని చెప్పి, ఆవిడ భుజం మీద చేతులు ఆనించి కూర్చున్నాను. ఆవిడ, మామయ్య పోయాక ఇంట్లో తనతో ఎవరూ సరిగా మాట్లాడని వైనమంతా చెప్పుకొచ్చింది. క్లాసులో చెప్పింది మరిచిపోయి వింటూ ఉండిపోయాను. చివర్న కళ్లు తుడుచుకుని, "వేడి సర్రున దిగిందే అమ్మాయ్, సగం నొప్పి పోయింది" అంది. (మే నెల, పైగా కరెంటు లేదు. ఎవరి చెయ్యి మాత్రం చల్లగా ఉంటుంది?)

అత్తయ్య ప్రచారంతో, వంటలు కాగానే వీధిలో ఆడవాళ్లంతా మా వరండాకి రావడం మొదలైంది. చెయ్యి వేస్తే చాలు, ఒకరు కోడలి గురించి, ఒకరు నిద్రపట్టని రాత్రుల గురించి చెప్పుకుని తేలికపడి వెళ్లేవారు. ఘనతంతా విశ్వశక్తికే ఇచ్చేదాన్ని. నవ్వింది మా పెదనాన్న ఒక్కడే. కరెంటు పోయినప్పుడల్లా, "ఆ ఫ్యాను మీద కాస్త చెయ్యి వెయ్యమ్మా" అనేవాడు.

అలాంటి పెదనాన్న ఒక మధ్యాహ్నం మామిడితోట నుంచి తిన్నగా వచ్చి చాప మీద కూలబడ్డాడు. చొక్కా తడిసి ముద్దయింది. "గ్యాస్ పట్టినట్టుందమ్మా. గుండెల మీద బరువు, ఎడం చెయ్యి లాగేస్తోంది. నీ వైద్యమేదో చెయ్యి" అన్నాడు.

చుట్టూ నా భక్తులు. చెయ్యి ముందుకు చాపి, ఆయన మొహం చూసి వెనక్కి తీసుకున్నాను.

"ఇది నా వల్ల కాదు పెదనాన్నా. లేవండి, ఆసుపత్రికి వెళ్దాం."

"అందరికీ తగ్గించి నాకు మాత్రం కాదంటావేంటి?" అన్నాడు, నీరసంలోనూ రోషంగా.

"ఒక్కసారి చెయ్యి వేసి చూడవే, నాకు తగ్గలేదా?" అంది అత్తయ్య.

"నీకు తగ్గింది నాతో మాట్లాడుకున్నందుకు అత్తయ్యా. ఇది మాటలతో పోయేది కాదు" అన్నాను. ఆ సంగతి నాకు తెలుసని నాకే అప్పుడు తెలిసింది. ఆటో పిలిచి ఆయన్ని ఎక్కించాను. దారంతా ఆయన నా చెయ్యి వదల్లేదు.

గుండెపోటేనని, వేళకి తెచ్చారని డాక్టరు గారన్నారు. ఇంటికొచ్చాక పెదనాన్న మాత్రం ఊరంతా, "మా అమ్మాయి హస్తవాసి అలాంటిదండి" అని చెప్పుకున్నాడు. ఎంత వివరించినా వినలేదు. తర్వాత నేను సైకాలజీ చదివి, రాజమండ్రిలో కౌన్సెలర్‌నయ్యాను. మనసు చేయగల మేలేమిటో, చేయలేనిదేమిటో రోజూ చెబుతుంటాను. అయినా అంతమంది నమ్మకం ముందు "నా వల్ల కాదు" అనగలిగిన ఆ మధ్యాహ్నమంటేనే నాకు గర్వం. ఆటోలో లోపల వణికిపోతూ, పైకి పెద్ద డాక్టరులా మొహం పెట్టుకుని కూర్చున్న ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే, పక్కన కూర్చుని కాసిన్ని మంచినీళ్లు తాగించాలనిపిస్తుంది.