మా ద్రాక్షతోట మీద చల్లిన గంధకం

ఈ సంగతి మా ఇంట్లో ఎన్నిసార్లు ఎత్తానో నాకే గుర్తులేదు. ఎత్తిన ప్రతిసారీ అన్న చెప్పులు వేసుకొని బయటికి పోయాడు. వదిన "అన్నం చల్లారుతుంది" అంది. బాపు బతికున్నన్నాళ్లూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వినేవాళ్లు లేకనే రాస్తున్నాను.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ లొల్లికి బడులు మూసిన ఏడు, హుజూరాబాద్ దగ్గర మా చెలకలో బాపు ద్రాక్ష పెట్టాడు. రాతి కడీలు పాతి, తీగ లాగి పందిరి వేశాడు. నేను పెద్దయ్యేసరికి అన్న వైన్ చేసే అనుమతి తెచ్చి, పక్కనే రేకుల షెడ్డు వేశాడు. షెడ్డు అన్నకు, తోట నాకు. ఎవరూ కాగితం రాసుకోలేదు గాని, పదిహేనేళ్లు అట్లే నడిచింది.

నేను తోటలో మందులు మాన్పించాను. సాళ్ల మధ్య జీలుగ పెంచి మట్టిలో కలియదున్నేవాణ్ణి. మొదళ్లకు వరిగడ్డి పరిచి, బాయి నీళ్లు సగానికి తగ్గించాను. పశువుల పెంట, వేపపిండి తప్ప వేరే ఎరువు లేదు. షెడ్డులో అడుగు పెడితే చాలు, "జరుగుండ్రి, పెంట డాక్టర్ వచ్చిండు" అని అన్న పనివాళ్లను నవ్వించేవాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మా ఇంట్లో కోతకు ముహూర్తం పెట్టిస్తారు. అయ్యగారు చెప్పిన గడియకు బాపు మొదటి గుత్తి కోయాలి. ఆ ఏడు ముహూర్తం ఐదు రోజులుందనగా వేపపిండి కోసం ఇచ్చోడ పోయాను. మూడో రోజు వచ్చి చూస్తే గుత్తుల మీద పసుపుపచ్చని పొడి. గంధకం. ఆకుల మీద బూడిద తెగులు మచ్చలు కనపడ్డాయట. మంచిర్యాల నుంచి వైన్ కొనేవాళ్లు వస్తున్నారని అన్న చల్లించాడు.

"అన్నా, కోత ఆపు. గీ గంధకం రసంల కలిస్తే కుళ్లిన గుడ్డు వాసనొస్తది. ఇరవై రోజులన్న ఆగాలె."

"ముహూర్తం పెట్టిచ్చినంక ఆగుడేందిరా? కడిగిపిస్త."

"కడిగితే పోదు."

"నువ్వు నీ పెంట సంగతి చూస్కో."

బాపు వంక చూశాను. "గడియ తప్పొద్దు బిడ్డా" అన్నాడు.

కోశారు. నేనూ కోశాను, పరాయివాళ్ల చేతుల్లో గుత్తులు చితుకుతాయని భయం.

వారం తర్వాత షెడ్డు తలుపు తీస్తే పులుస్తున్న రసం కంపుకు నిలబడలేకపోయాం. మంచిర్యాల వాళ్లు ముక్కుకు రుమాలు పెట్టుకొని ఇదేం వాసన అన్నారు. అన్న నా వైపు వేలు చూపించాడు. "మా తమ్ముడు పెంట తప్ప ఏం ఎయ్యడు. గదే వాసన."

పెంట వాసన వేరు, కుళ్లిన గుడ్డు వాసన వేరు. అక్కడున్న పనివాళ్లందరికీ అది తెలుసు. అయినా ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. గంధకం సంచి తెచ్చి కొనేవాళ్ల ముందర పెట్టాను. వదిన దాన్ని నిమ్మళంగా తీసి కొట్టంలో పెట్టివచ్చింది.

పెంట తోటని పేరు పడింది, ఇక మన సరుకు ఎవరూ తీసుకోరని, ఆ నెలలోనే అన్న తీగలు నరికించాడు. అడ్డం పోయాను. గొడ్డలి పట్టుకున్న పెద్దాయన, "నీకు దండం పెడ్త, మమ్ముల పరేషాన్ చెయ్యకు పటేలా" అన్నాడు. జరిగి నిలబడ్డాను. నరికిన మొదళ్ల నుంచి రెండు రోజులు నీళ్లు కారాయి. ఏం చేయాలో తెలియక ఒక మొదలుకు గుడ్డ చుట్టాను.

కడీలు అట్లే ఉన్నాయి. వాటి మీద ఇప్పుడు బీరతీగ. అన్న దాని కింద మంచం వేసుకొని కూర్చుంటాడు. ఊరు నన్ను ఇంకా పెంట డాక్టర్ అనే పిలుస్తుంది.

అన్నా, ఈసారి చెప్పులేసుకోకు. ఆ గంధకం చల్లించింది నువ్వే అని, నా తోట తప్పేం లేదని, మంచిర్యాల వాళ్ల ముందర కాకున్నా మన వాకిట్ల నిలబడి చెప్పు. చెప్తవా, చెప్పవా?