ఉప్పు తగలని తొక్కలు

టాంపినీస్ హాకర్ సెంటర్లో, వరస తిండి కొట్ల మధ్య, గౌరమ్మది పండ్ల కొట్టు. పుట్టింది మలేసియా తోటల్లో, పెళ్లయి ఇక్కడికి వచ్చింది. చాంగీ బిజినెస్ పార్కులో కంపెనీలు లేచాక, మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు మధ్యాహ్నాలు వరసకట్టడం మొదలైంది. ఎంత రద్దీ అయినా ఆవిడ ఒక్క పని మానలేదు. కోసిన ప్రతి ననాస్ ముక్కనీ ఉప్పునీళ్ల బేసిన్లో ముంచి తీసేది. అనాసని ఆవిడ ననాస్ అనే అంటుంది. ముంచకపోతే తిన్నవాళ్ల నాలుక మండుతుందని భయం.

ఆ కొట్టుకే సుమలత వచ్చింది. కాకినాడ పిల్ల, ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పారేసే అనాస తొక్కలు కావాలంది. వాటి కషాయం వెండి ద్రావణంలో పోస్తే కంటికి ఆనని వెండి నానో రేణువులు పుడతాయట, ఘాటు రసాయనాల అవసరమే ఉండదట. గౌరమ్మకు సగమే అర్థమైంది. ఆ సగానికే ముచ్చటేసింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రానికల్లా తొక్కల సంచి కట్టి ఉంచేది.

ప్రయోగం మాత్రం కుదరలేదు. గోధుమరంగు తిరగాల్సిన నీళ్లు పాలు విరిగినట్టు తెల్లబడుతున్నాయి. ఈసారీ ఇంతేనైతే అనాసని వదిలేయమన్నారు గైడు. ఇన్నాళ్ల పనీ వృథా అన్నమాట.

ఆ సంగతి చెప్పడానికి సుమలత ఆరోజు పెందలాడే వచ్చింది. గౌరమ్మ ఇంకా సంచి కట్టలేదు. వింటూనే, అలవాటు చొప్పున తొక్కల్ని దోసిళ్లతో తీసి బేసిన్లో జాడించసాగింది.

“ఆంటీ, అవి ఉప్పునీళ్లా?”

“కాక? నీకిచ్చేవి కడక్కుండా ఇస్తానా, అమ్మాయ్?”

సుమలత స్టూలు మీద కూలబడింది. కోప్పడలేదు. ఉప్పు తగిలితే వెండి తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుందని, తొక్కలోకి ఇంకిన ఉప్పు తను ల్యాబులో కడిగినా పూర్తిగా పోయి ఉండదని మెల్లగా చెప్పింది. ముందే అడగకపోవడం తన తప్పేనంది.

గౌరమ్మ ముఖం చిన్నబోయింది. తన శుభ్రమే ఈ పిల్ల చదువుకి అడ్డం పడిందా అనుకుంది. కొత్త కాయ తీసింది. కత్తినీ కోసే పలకనీ బాగా తోమి, తొక్కలు చెక్కి, పంపు కింద కడిగి సంచిలో వేసింది. ఏదో సగం పని చేసి ఇస్తున్నట్టు అనిపించింది. అయినా ఇచ్చింది.

తర్వాత వారం సుమలత చిన్న సీసాతో వచ్చింది. లోపల టీ డికాక్షన్ రంగు నీళ్లు. వరసలో నిలబడ్డ ఒక కార్డు కుర్రాడు ఆ జ్యూసెంత అని అడిగాడు.

“ఇదా నీ వెండి? కోపీలా ఉందే,” అంది గౌరమ్మ. కాఫీ ఆవిడ నోట కోపీయే.

“ఇదే ఆంటీ. గైడు అనాసతోనే కొనసాగించమన్నారు. పట్టుకుని చూడండి.”

చెయ్యి చాపబోయి గౌరమ్మ ఆగింది. అప్పటిదాకా బేసిన్లో నానిన వేళ్లు. మూత బిగించే ఉందని సుమలత నవ్వుతూ చెబుతున్నా వినలేదు. పంపు దగ్గరకెళ్లి మోచేతులదాకా కడుక్కుంది. చేతులు విదిలించి ఆరబెట్టుకుంటూ వచ్చి, అప్పుడు అందుకుంది.