గ్రౌండ్‌లో పెట్టిన దండం

మా ఆయన పోయాక అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఊడ్చేదాన్ని. సాఫ్ట్‌వేర్ కోర్సులకు జనం ఎగబడే రోజులవి. క్లాసుకు ఉరికే పిల్లలు మెట్ల మీద నన్ను గుద్దుకునేవారు. దెబ్బ నాకే తగిలినా, "తప్పయింది బిడ్డా" అని నేనే పక్కకు జరిగేదాన్ని. అదే అలవాటైపోయింది.

నా కూతురు మంజుల సర్కారు బడిలో సాఫ్ట్‌బాల్ ఆడేది. బ్యాటుతో బాల్ కొట్టి, గ్రౌండ్‌లో నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. ఎర్రమంజిల్ దగ్గర పోటీ ఉందంటే పనిలోంచి అలాగే వెళ్లాను. మంజుల చుట్టు పూర్తిచేసి వస్తే వాళ్ల బడి గెలుస్తుంది. ప్రాణం పెట్టి ఉరుకుతోంది. అవతలి జట్టు పిల్ల ఒకతె దారికి అడ్డంగా నిలబడింది. ఇద్దరూ గుద్దుకుని పడ్డారు.

నేను గ్రౌండ్‌లోకి ఉరికి, ఆ పిల్ల బట్టలు దులిపి దండం పెట్టాను. "తప్పయింది బిడ్డా, మా పోరి చూసుకోలే."

అంపైర్ నా దగ్గరికి వచ్చాడు. "నేను చెప్పకముందే తీర్పు నువ్వే ఇస్తున్నవా అమ్మా? ఆ పిల్ల చేతిల బాల్ లేదు. బాల్ లేనోళ్లు ఉరికేటోళ్లకు అడ్డం నిలవడొద్దు, గిది రూల్. పరుగు నీ బిడ్డదే. జర బయటికి నడువు."

బడి గెలిచింది. పంజాగుట్ట దాకా మంజుల కుంటుతూ నడిచింది. చివరికి, "నా మోకాలు సుత చూడలే నువ్వు" అంది.

ఇప్పటికీ ఎవరైనా గుద్దితే నా నోట ముందు "తప్పయింది" అనే వస్తుంది. ఈ వయసులో ఇక మారదేమో. నా బిడ్డ తరఫున మాత్రం ఆ మాట మళ్లీ అనలేదు.