ఎముకల డాక్టరమ్మ బోర్డు

మొన్న స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆసుపత్రిలో కట్టు వేసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. "జరంత నొస్తది తాతా, కదలకు" అంటూ చెయ్యి పట్టి లాగింది. ఆ లాగుడుకి డెబ్భైల నాటి పాతబస్తీ, హుస్సేనీ ఆలంలో మా ఇంటి వరండా, అందులో మా చెల్లె కళ్ల ముందు మెదిలాయి.

చెల్లె ఎముకల వైద్యం చదివింది. ఆడపిల్ల కాన్పుల చదువు చదవాలిగాని సుత్తీ రంపం పట్టడమేమిటని బంధువులందరికంటే ముందు అన్నది నేనే. పాతబస్తీలో అప్పట్లో చెయ్యి విరిగితే పహిల్వాన్ దగ్గరికే పోయేవారు. ఆయన నూనె రాసి వెదురు బద్దలతో కట్టేవాడు. అలాంటిచోట ఆడమనిషిని నమ్మి ఎవరొస్తారు? అందుకే చెల్లె వరండాలో దవాఖానా తెరిచిన రోజు, ఆమెను అడగకుండానే బోర్డు రాయించి తెచ్చాను: 'లేడీ డాక్టర్. కాన్పులు, ఆడవారి జబ్బులు.' మేలు చేశాననే అనుకున్నాను. చెల్లె చదివి, "ఇందుల నేను చదివింది ఏడుందన్నా?" అంది. "ముందుగాల మందిని రానియ్యి, ఎముకల సంగతి తర్వాత జూద్దాం" అన్నాను.

కొన్నాళ్లకు, బేగంబజార్‌లో మూటలు మోసే హమాలీ ఒకడు భుజం జారిపోయి, తోటివాడి ఆసరాతో వచ్చాడు. పహిల్వాన్ ఊళ్లో లేడట. తోటివాడు బోర్డు చదివాడు. "ఏంది భాయ్, ఇది జనానా దవాఖానా. నీకేమన్న కాన్పా?" అంటూ వెనక్కి తిప్పాడు. చెల్లె చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీలోకి వెళ్లి, "ఎటు పోతున్నవ్? ఇది నా పనే, రా" అంది. హమాలీ వరండాలో నిలబడ్డ నా వైపు చూసి, "డాక్టర్ మీరేనా అన్నా?" అన్నాడు.

"నేను కాదు భాయ్. ఆమెనే," అన్నాను. ఆ మాట పైకి అనడం నాకదే మొదలు.

నొప్పికి సూది ఇచ్చి, వాడి చంక కింద నుంచి దుప్పటి చుట్టి, రెండు కొసలూ నా చేతికిచ్చింది. "నువ్వు అటు గుంజు. నేను చెప్పేదాంక విడువకు. ఈసారన్న నా దిక్కు నిలబడు." కొంగు నడుముకు దోపి, వాడి చెయ్యి పట్టి, బువ్వ తిన్నవా, పిల్లలెందరు అని అడుగుతూనే నెమ్మదిగా లాగింది. ఎముక టక్కున గూట్లో పడింది. చెమటలు పట్టింది మాత్రం నాకు.

"మస్తు చేసినవమ్మా. గిది బోర్డు మీద రాయలేదేంది?" అన్నాడు హమాలీ. చెల్లె నా వైపు చూడలేదు. సాయంత్రం నేనే రంగు డబ్బా తెచ్చాను. దాన్ని నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు స్టూలు వట్టుకో" అంది. పాత అక్షరాల మీద తెల్లరంగు పూసి, ఆరాక, వంకరటింకరగా 'ఎముకల డాక్టర్' అని తానే రాసింది.

ఎముక అతకడానికి ఎన్ని వారాలు పడుతుందో ఈ డాక్టరమ్మ చెప్పింది. నాకు బుద్ధి వచ్చేదాకా మా చెల్లె ఆగలేదు. ఆగి ఉంటే, ఆమె కాలమంతా నా కోసం ఎదురుచూడటానికే సరిపోయేది.